వీడియో గేమ్ కొనడానికి మూడు నెలలు

మా అమ్మాయికి ఆరున్నరేళ్లు. ఫోనులో ప్రకటనను మూసే ఇంటూ గుర్తు ఏ మూల దాక్కుంటుందో నాకన్నా ముందు తనకే తెలుస్తుంది. 2025 ఏప్రిల్ చివర, బడికి సెలవులిచ్చిన వారం, వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ తనవైపు చూశాను. సోఫాలో బోర్లా పడుకుని నా ఫోనులో కార్ల ఆట ఆడుతోంది. కారు అర నిమిషం పరుగెత్తి ఆగింది. ఏదో పేకాట ప్రకటన వచ్చింది. అది తెర మీద ఉన్నంతసేపూ పిల్ల కన్నార్పలేదు, బొటనవేలు మాత్రం కుడిపక్క పైమూలకు వెళ్లి సిద్ధంగా నిలబడింది. గుర్తు కనిపించగానే నొక్కింది. మళ్లీ కాసేపు కారు. మళ్లీ ఇంకో ప్రకటన, ఈసారి గుర్తు ఎడమపక్క వచ్చింది, వేలు అక్కడికి పోయింది. పది నిమిషాల్లో తను ఆడిన ఆటకన్నా మూసిన ప్రకటనలే ఎక్కువ. తాలింపు మాడింది.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను. "పిల్లకి తెర మీద ఆట ఏదైనా ఇవ్వాల్సి వస్తే సరైన ఆటే ఇద్దాం. నా ఫోను మాత్రం ఇక ఇవ్వను." ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను అప్పుడే అనుమానించాల్సింది.

మా ఆయనది తొంభైల నాటి బాల్యం. విజయవాడలో ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన వీడియో గేములంటే టీవీకి తగిలించే తెల్ల పెట్టె, రంగురంగుల క్యాసెట్లు. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది, లోపల తిప్పితిప్పి అవే పదో పదిహేనో. కాంట్రా, మారియో, సర్కస్ చార్లీ, ప్లాస్టిక్ తుపాకితో బాతుల్ని కొట్టే ఆట. ఆడకపోతే క్యాసెట్టు తీసి అడుగున ఉఫ్ఫని ఊది మళ్లీ గుచ్చడం. ఆ పెట్టెలన్నీ 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్లని నేను ఈమధ్య చదివి చెప్పేదాకా ఆయనకు తెలియదు. ఊదడం వల్ల లాభం లేదని, తడి తగిలి లోపలి లోహం చెడుతుందని కూడా చెప్పాను. ఆ రెండో మాట ఇప్పటికీ నమ్మలేదు.

నాలుగో రోజుకల్లా ఇంటికి పొట్లం వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న గేమ్ స్టిక్, 2,300 రూపాయలు. టీవీ వెనక గుచ్చే చిన్న ముక్క, వైర్లు లేని రెండు కంట్రోలర్లు, పెట్టె మీద పదివేల ఆటలని అచ్చు. ఆయన లెక్క సులువు: చిన్నప్పటి ఆటలే, పైగా చవక, పిల్లకి అంతకన్నా ఏం కావాలి? తీరా పెడితే బటన్ నొక్కిన కాస్సేపటికి గానీ మారియో ఎగరడు. అప్పటికే గోతిలో ఉంటాడు. ఆయన ముప్పై ఏళ్ల అనుభవం ఎందుకూ కొరగాలేదు. పదివేలలో ఒకే ఆట ఏడెనిమిది పేర్లతో ఉంది. పిల్ల ఒక ఆటలోకి వెళ్లడం, రెండుసార్లు పడిపోవడం, బయటికి వచ్చి ఇంకోటి తెరవడం. ఒక సాయంత్రం ఊరికే లెక్కపెట్టాను: అరగంటలో ఇరవై మూడు ఆటలు. ఇరవై నాలుగోది, ఓడినవాడి తల పీకే ఆట. అది నేను లాక్కుని ఆపేశాను. పదకొండో రోజున ఒక కంట్రోలర్ చచ్చిపోయింది. అమ్మినవాణ్ని అడిగితే ఈ వస్తువుకు వాపసు లేదని ఒక్క వాక్యం పంపాడు. నాకేమీ బాధ కలగలేదు. అందులోని ఆటలు తయారు చేసినవాళ్లకు ఒక్క పైసా వెళ్లి ఉండదు, మాకూ ఒక్క ఆట దక్కలేదు, లెక్క సరిపోయింది.

మే నెలలో పెళ్లికని హైదరాబాద్ వెళ్లి నిజాంపేటలో అక్కావాళ్లింట్లో దిగాం. అక్క కొడుకుకు పద్నాలుగేళ్లు, వాడికి ప్లేస్టేషన్ 5 అనే సోనీ గేమ్ పెట్టె ఉంది. మా అమ్మాయి దాని ముందు నుంచి కదిలితే ఒట్టు. వాడు మంచివాడు, చెల్లెలికి ఇచ్చాడు. పెట్టెతోపాటే వచ్చే ఆస్ట్రో అనే రోబో ఆట పెట్టాడు. అందులో ఒకచోట కంట్రోలర్ మైకులోకి ఊదితే తెర మీద గాలిమర తిరుగుతుంది. పిల్ల బుగ్గలు పూరించి ఊదుతుంటే పక్కన మా ఆయన నావైపు గర్వంగా చూశారు, చూశావా ఊదడం పనికొచ్చిందని.

నేను మాత్రం పిల్ల చేతులు చూస్తున్నాను. ఆ కంట్రోలర్ బరువు 280 గ్రాములు. పెద్దవాళ్ల అరచేతికి ఇంపుగా ఉంటుంది. మా అమ్మాయి రెండు చేతులతో అడుగునుంచి పట్టుకుంటే బొటనవేళ్లు బొమ్మను నడిపే కడ్డీలదాకా పోవు, పైకి జరిపి కడ్డీలు అందుకుంటే వెనకవైపు బటన్లు అందవు. కాసేపటికి దాన్ని ఒళ్లో పెట్టుకుని, సన్నికల్లు మీద నూరుతున్నట్టు వంగి ఆడటం మొదలుపెట్టింది. పావుగంటలో మెడ నొప్పంది. అన్నయ్య మిగతా ఆటల పెట్టెల మీద చాలావాటికి 16, 18 అంకెలున్నాయి, అవి వయసు గుర్తులు. కొత్త పెద్ద ఆట ఒక్కొక్కటీ అప్పట్లో దాదాపు అయిదువేలు. పెట్టె ధర చూస్తే డిస్కు పెట్టేది అప్పట్లో 54,990. అది వాడికి సరైన వస్తువే. మా పిల్లకి ఇంకో ఆరేడేళ్ల తరువాతి చొక్కా.

తిరిగి వచ్చాక పాల లెక్క రాసే క్యాలెండర్ వెనక నాకు కావలసినవి రాసుకున్నాను. పిల్ల చేతిలో ఇమడాలి. చదవడం రాకపోయినా ఆడగలగాలి, ఎందుకంటే తెలుగులో మాట్లాడే ఆట నాకు ఒక్కటీ దొరకలేదు, మా అమ్మాయి ఇంగ్లీషు ఇంకా అక్షరాలు కూడబలుక్కునే చదువుతోంది. పక్కన ఇంకొకరు కూర్చుని ఆడే వీలుండాలి. ఆట అయిపోవాలి. నాలుగోది రాశాక కాసేపు ఆగాను. ఫోనులో నన్ను విసిగించింది అదేనని అప్పటికి తెలిసింది: అక్కడ దేనికీ అయిపోవడమనేది లేదు, అందుకే లేవమన్నప్పుడల్లా ఏడుపు. అష్టాచెమ్మా అయినా పంట పండగానే అయిపోతుంది కదా.

ఎంతసేపు ఆడనివ్వాలో పిల్లల డాక్టరుగారిని అడిగాను. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచనల్లో అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయమంతా కలిపి రోజుకు రెండు గంటలకన్నా తక్కువ ఉండాలని ఉందట. టీవీ కార్టూన్లూ అందులోకే వస్తాయని ఆయన నవ్వారు. మా అమ్మాయి కార్టూన్లకే గంట తినేస్తుంది. అంటే ఆటకు మిగిలేది అరగంట, మహా అయితే ముప్పావుగంట.

మైక్రోసాఫ్ట్ గేమ్ పెట్టె ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ గురించి ఎక్కువ ఆలోచించలేదు. డిస్కు పెట్టే చోటు లేదు, ప్రతి ఆటా నెట్టు నుంచి దింపుకోవాలి. వానపడితే మా నెట్టు సెలవు తీసుకుంటుంది.

మిగిలింది నింటెండో స్విచ్. 2017 నుంచి ఉన్నది. టీవీకి తగిలించి ఆడొచ్చు, తీసి చేత్తో పట్టుకునీ ఆడొచ్చు. నాకు నచ్చింది అది కాదు. పక్కలకు ఉండే రెండు చిన్న కంట్రోలర్లు, జాయ్‌కాన్లంటారు, ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే ఇద్దరికి చెరొకటి. ఒక్కోటి దాదాపు 50 గ్రాములు, చాక్లెట్ బారంత. ఆఫీసులో ఒకావిడ తన కొడుకుది తెచ్చి చూపించింది. నా చేతిలో అది అగ్గిపెట్టెలా ఉంది. మా అమ్మాయి చేతికి అతికినట్టుంటుందని చూడగానే తెలిసింది. ఆ కడ్డీలు కొన్నాళ్లకు వాటంతటవే ఒక పక్కకు లాగుతాయన్న ఫిర్యాదు ప్రపంచమంతా ఉందని కూడా ఆవిడే చెప్పింది. తెలిసే దిగాం.

చిక్కేమిటంటే ఆ కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మదు. ఇక్కడ దొరికేవన్నీ ఎవరో ఒకరు బయటినుంచి తెప్పించినవే. ధర దుకాణానికొకటి, గ్యారంటీ అంటే దుకాణదారుడి నోటిమాట. అయినా ఊళ్లో ఒక దుకాణానికి వెళ్లాం. అతను రెండు పెట్టెలు తీశాడు. ఒకటి సీలు విప్పనిది. రెండోది వాడినది, నలభై ఆటలు లోపలే వేసి ఉన్నాయట. "జైల్‌బ్రేక్ చేసిందండీ, ఇక జన్మలో ఆట కొననక్కర్లేదు" అన్నాడు. మా ఆయన కళ్లలో మళ్లీ ఆ పాత వెలుగు. నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. అలా తాళం విరగ్గొట్టి దొంగ ఆటలు ఎక్కించినదాన్ని నెట్టుకు కలిపితే కంపెనీ నిషేధిస్తుందన్నది ఒక కారణం. అసలు కారణం నలభై ఆటలు. ఇరవై మూడు ఆటల సాయంత్రం నేను మరిచిపోలేదు.

డాలస్‌లో ఉండే మా తమ్ముడు జులైలో వస్తున్నాడు. ఫోను చేస్తే వాడు నన్ను మొదట్నుంచీ గందరగోళంలో పడేశాడు. "అక్కా, జూన్ 5న స్విచ్ 2 వచ్చింది, అది తెస్తాను." ధర అప్పుడు 450 డాలర్లు. తెర పెద్దది, బరువూ ఎక్కువే. ఆరున్నరేళ్ల పిల్లకి మొదటి సైకిలు కొంటూ గేర్ల సైకిలు కొంటామా అన్నాను. "సరే, అయితే స్విచ్ లైట్ తీసుకో, 200 డాలర్లే, 275 గ్రాములే, చిన్నపిల్లలకి అదే కొంటారు ఇక్కడ."

ఇక్కడ నేను నిజంగానే రెండు రోజులు ఊగాను. స్విచ్ లైట్ ముద్దుగా ఉంటుంది, చవక, చిన్న చేతులకు బాగుంటుంది. కానీ దాన్ని టీవీకి తగిలించలేం, కంట్రోలర్లు ఊడవు. ఒక్క మనిషి, అయిదున్నర అంగుళాల తెర, వంచిన తల. ప్రకటనలు లేకపోవడం తప్ప నా ఫోనుకూ దానికీ తేడా నాకు కనిపించలేదు. తను దాన్ని పట్టుకుని మంచం మీద మూలకు చేరితే లోపల ఏం జరుగుతోందో నేను వంగి చూస్తే గానీ తెలియదు. టీవీలో అయితే వంటింట్లోంచే తెలుస్తుంది. లైట్ వద్దన్నాను.

ఇక అప్పట్లో 350 డాలర్ల ఓలెడ్ రకం. తెర ఏడు అంగుళాలు, రంగులు ఎంతో బాగుంటాయన్నాడు. టీవీకి తగిలిస్తే ఆ తెర ఏం చేస్తుందని అడిగాను. "స్టాండులో పడుకుంటుంది" అన్నాడు. అయితే మామూలుదే తెమ్మన్నాను. అది అప్పట్లో 300 డాలర్లు, టెక్సస్ పన్ను కలిపి 325 దాకా, మన డబ్బులో సుమారు 28 వేలు. ఒకే ఒక్క ఆట, మారియో కార్ట్ 8 డీలక్స్, మరో 60 డాలర్లు. క్యాసెట్టుగానే తెమ్మని గట్టిగా చెప్పాను. డౌన్‌లోడ్ చేసుకున్న ఆటను ఎవరికీ శాశ్వతంగా ఇచ్చెయ్యలేం, అమ్మలేం. క్యాసెట్టు దాదాపు ఏ దేశంలో కొన్నా దాదాపు ఏ దేశపు స్విచ్‌లోనైనా ఆడుతుంది. తమ్ముడు ఇంకో అయిదు ఆటల పేర్లు చెప్పబోతే వద్దన్నాను. ఒక్కటి చాలు, విసుగొచ్చాక చూద్దాం.

జులై మొదటివారంలో పెట్టె వచ్చింది. చార్జర్ అమెరికాది కదా, వోల్టేజి తేడాతో కాలిపోతుందేమోనని భయపడ్డాను గానీ దాని మీదే 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంది. చదును పిన్నులకు వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో 60 రూపాయల మార్పిడి పిన్ను కొంటే సరిపోయింది.

క్యాసెట్టు పెట్టె తెరిస్తే లోపల బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్ద ముక్క. మా ఆయన నిరాశగా దాన్ని తిప్పి చూసి, అలవాటుకొద్దీ నోటి దగ్గర పెట్టుకుని ఊదబోయారు. "బావా, నోట్లో పెట్టుకోకండి" అని తమ్ముడు అరిచేలోపు పెదవికి తగిలింది. ఆ తరువాతి అయిదు నిమిషాలు ఆయన సింకు దగ్గరే ఉన్నారు. చిన్నపిల్లలు మింగేయకుండా ఆ ముక్కల మీద డినటోనియం బెంజోయేట్ అనే భయంకరమైన చేదు పూస్తారట. అత్తయ్య ఆసక్తిగా విని, "ఇందులో వింతేముంది? నేను నా కొడుక్కి పాలు మాన్పించడానికి వేపాకు నూరి పూశాను. అప్పుడూ ఇలాగే ముఖం పెట్టాడు" అన్నారు.

పిల్లకి ఇచ్చేముందు ఒక రాత్రి కూర్చుని తాళాలు వేశాను. నింటెండో పేరెంటల్ కంట్రోల్స్ యాప్ నా ఫోనులో పెట్టుకుని స్విచ్‌కు కలిపాను. రోజుకు ఎన్ని నిమిషాలో, రాత్రి ఎన్నింటికి ఆపాలో అందులో పెట్టొచ్చు. సమయం అయిపోగానే తెర మీద హెచ్చరిక వస్తుంది. కావాలంటే ఆటే ఆగిపోయేలా కూడా పెట్టొచ్చు. మొదటి రోజు ఆగిపోయేలా పెట్టాను. గెలుపు గీతకు నాలుగడుగుల దూరంలో ఆట ఆగింది. ఆ ఏడుపు కింది వాటావాళ్లకు కూడా వినిపించింది. మర్నాడే దాన్ని హెచ్చరికకు మార్చాను. బడి రోజుల్లో అరగంట, శని ఆదివారాల్లో ముప్పావుగంట.

వారం తరువాత యాప్‌లో చూస్తే ఒక మంగళవారం రెండు గంటల పది నిమిషాలు ఆడినట్టుంది. పిల్లని నిలదీయబోయి ఆగాను, పిల్ల పడుకున్నాక ఆడింది మా ఆయన. ఆ సమయ పరిమితి మనిషికి కాదు, మొత్తం పెట్టెకు. పిల్ల అరగంట ఆడేశాక ఇంట్లో ఎవరు ముట్టుకున్నా పైన హెచ్చరిక వెలుగుతూనే ఉంటుంది. మిగతా సమయమంతా ఆయన ఆ హెచ్చరిక కిందే ఆడారన్నమాట. ఇప్పుడు రాత్రిళ్లు మళ్లీ ఆగిపోయేలా పెట్టి పిన్ను నంబరు నా దగ్గర ఉంచుకున్నాను. నలభై రెండేళ్ల మనిషి పళ్లు తోముకుని వచ్చి పిన్ను అడుగుతుంటే ఇవ్వనని చెప్పడంలో ఒక తృప్తి ఉంది, దాచుకోవడం ఎందుకు?

మారియో కార్ట్ గురించి ఒక్కటే చెబుతాను. అందులో స్మార్ట్ స్టీరింగ్ అని ఒకటుంది. అది పెడితే బండి రోడ్డు దాటి పోబోయినప్పుడు దానంతటదే లోపలికి తిరుగుతుంది. యాక్సిలరేటర్ నొక్కకుండానే ముందుకు పోయే ఏర్పాటు కూడా ఉంది. ఎవరి బండికి వాళ్లు వేరుగా పెట్టుకోవచ్చు. మా అమ్మాయికి రెండూ పెట్టాం, మాకు లేవు. తను కడ్డీ ఒక్కటి తిప్పుతూ, మాలో వంతు వచ్చినవాళ్లు చెమటలు కక్కుతూ, ఇద్దరూ ఒకే పందెంలో. తను ఒక్కసారీ నీళ్లలో పడదు. పందెం దాదాపు మూడు నిమిషాలు, నాలుగు పందేలు కలిపి ఒక కప్పు. మా ఇంటి కొలత ఇప్పుడు కప్పే. "ఒక్క కప్పు ఆడి అన్నం తింటా" అంటుంది, తింటుంది. ఆయుధాలకు పేర్లు తనే పెట్టింది: ఎర్ర తాబేలు, నీలి తాబేలు, అరటితొక్క. అత్తయ్య కూరగాయలు తరుగుతూ చూస్తారు, ఆడరు గానీ న్యాయం చెబుతారు. "ముందుపోయేవాణ్ని వెనకనుంచి తాబేలుతో కొట్టడమేమిటే, పద్ధతేనా?" అంటారు. కొట్టింది నేనైతే ఆ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

ఆగస్టు మధ్యలో ఒకరోజు పిల్ల టీవీకి ఆనుకునేంత దగ్గరికి వెళ్లి నిలబడింది. "అమ్మా, నా బండి వెనక యాంటెనా ఉంది. మీ బండ్లకి లేదు." స్మార్ట్ స్టీరింగ్ పెట్టిన బండికి ఆ చిన్న యాంటెనా వస్తుంది. మేం చెప్పలేదు, తను అడగలేదు. మా ఆయన అబద్ధమాడబోయి నా ముఖం చూసి నిజమే చెప్పారు. నీ సైకిలుకు మొన్నటిదాకా పక్క చక్రాలు ఉండేవి కదా, అలాంటిదేనన్నారు. తను కాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందనుకున్నాను.

"తీసెయ్యండి."

తీసేశాం. మొదటి పందెంలో తొమ్మిదిసార్లు రోడ్డు మీంచి పడింది. పడ్డ ప్రతిసారీ మబ్బు మీద వచ్చే బొమ్మ ఎత్తి తెచ్చి రోడ్డు మీద పెట్టింది. పన్నెండు బండ్లలో పన్నెండోది. కప్పు పూర్తి చేసి, ఎవరి ముఖమూ చూడకుండా జాయ్‌కాన్ బల్ల మీద పెట్టి అన్నానికి వెళ్లిపోయింది. మర్నాడు పన్నెండు. ఆ మర్నాడూ పన్నెండే. శనివారం సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే హాల్లోంచి ఒక కేక వినిపించింది. వెళ్లి చూసేసరికి నా ఫోను తీసుకుని డాలస్‌కు వీడియో కాల్ చేస్తోంది. తమ్ముడికి అక్కడ తెల్లవారి కాసేపే అయింది, కళ్లు సరిగ్గా తెరవలేదు.

"మామయ్యా! నేను పదకొండోదాన్ని వచ్చాను!"

"ఎందులో? క్లాసులోనా?" అన్నాడు వాడు కంగారుగా లేచి కూర్చుంటూ.